రెండు పళ్ళు

శీర్షిక చూసి ఇది దంతవైద్యం మీద వ్యాసం అనుకునేరు. కాదు. సైకిలు వెనక చక్రానికి ఉండే ఫ్రీవీలు పళ్ళ సంగతి. మన పత్రికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు సంపాదకులు "డిపాజిట్లూ వడ్డీలూ తప్ప ఇంకేదైనా రాయండి మాస్టారూ" అని ముందే షరతు పెట్టారు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ముప్ఫై నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నాను. లెక్కలు తప్ప కథలు రావు. అయితే ఈమధ్య ఒక పాత లెక్క నన్ను నిద్ర పోనివ్వలేదు. 1991లో నేనే వేసిన లెక్క. అప్పట్లో సరిగ్గా సరిపోయిందనుకున్నాను. ఎక్కడ తప్పిందో తెలియడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

మా నాన్నగారు బరంపురం బడాబజారులో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేసేవారు. పొద్దున్న ఎనిమిదిన్నరకి ఇల్లు వదిలితే రాత్రి ఎనిమిదికి తిరిగి వచ్చేవారు. 1962లో, అంటే నేను పుట్టక ఆరేళ్ళ ముందు, ఒక హెర్క్యులిస్ సైకిలు కొన్నారు. నల్లది. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, వెనక బలమైన కేరియరు. కొట్టునుంచి పల్లెల్లోని చిల్లర దుకాణాలకి బట్టల మూటలు కూడా ఆయనే చేరవేసేవారు కనక ఆ సైకిలు మా ఇంటికి బండీ, కొట్టుకి లారీ కూడాను. ఆదివారాలు దానిమీదే గోపాల్‌పూర్ సముద్రానికి వెళ్ళేవాళ్ళం. ముందు బారు మీద చిన్న సీటు బిగించి మా చెల్లెల్ని కూర్చోబెట్టేవారు. వెనక కేరియరు మీద అమ్మ, అమ్మ ఒళ్ళో నేను. పదహారు కిలోమీటర్లు. సాయంత్రం పూట సముద్రం మీంచి గాలి ఎదురుగా వీస్తూ ఉంటుంది. బరంపురం వాళ్ళకి ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. అంత బరువుతో ఆయన ఒక్కసారైనా దిగి సైకిలు నడిపించుకుంటూ వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

కాని ఆయన తొక్కే తీరు చూస్తే మాకు నవ్వొచ్చేది. వీధిలో మిగతా పెద్దమనుషులందరూ దర్జాగా, ఒక కాలు నెమ్మదిగా దింపి, ఒక కాలు నెమ్మదిగా ఎత్తి తొక్కేవారు. నాన్నగారి కాళ్ళు మాత్రం గిరగిర తిరిగేవి, సైకిలు మాత్రం నెమ్మదిగానే పోయేది. "మీ నాన్న సైకిలు తొక్కుతున్నాడా, బట్టలు కుడుతున్నాడా" అని నా స్నేహితుడొకడు అడిగాడు. కుట్టుమిషను కింద టైలరు పాదాలు ఆడినట్టు ఉండేదన్నమాట. పదమూడేళ్ళ వయసులో అటువంటి మాట గుండెలో గుచ్చుకుంటుంది. ఆయనతో కలిసి వెళ్ళేటప్పుడు నేను కొంచెం వెనకగా వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెబుతున్నాను.

1991లో నాకు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. కొరాపుట్ జిల్లా జయపూరులో వేశారు. మొదటి జీతం చేతికొచ్చాక సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. అమ్మకి చీర, చెల్లెలికి వాచీ. నాన్నగారికి ఏం కొనాలో తోచలేదు. బట్టల కొట్టులో పనిచేసే మనిషికి బట్టలు కొనలేం కదా. చివరికి ఆయన సైకిలుకి పూర్తిగా ఓవరాయిలింగు చేయిద్దామని నిశ్చయించి, ఆదివారం ఆయన నిద్రపోతుంటే షాపుకి తీసుకుపోయాను. కొత్త టైర్లు, కొత్త చైను, కొత్త పెడల్సు, గోళీలన్నీ మార్పు. అప్పుడే షాపాయన ఫ్రీవీలు కూడా అరిగిందనీ, ఇది ఇరవై పళ్ళదనీ, ఇప్పుడందరూ పద్ధెనిమిది పళ్ళదే వేయించుకుంటున్నారనీ అన్నాడు.

అక్కడే షాపు బల్ల మీద, సిగరెట్టు పెట్టె వెనక నేను వేసిన లెక్క ఇది. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు. వెనక 20 ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం రెండు పూర్ణాంకాల రెండు దశాంశం సార్లు తిరుగుతుంది. సైకిలు 4 మీటర్ల 91 సెంటీమీటర్లు పోతుంది. వెనక 18 ఉంటే 5 మీటర్ల 46 సెంటీమీటర్లు. ప్రతి చుట్టుకీ 55 సెంటీమీటర్లు మిగులు. గోపాల్‌పూర్ దాకా పోవాలంటే ఇరవై పళ్ళకి 3,255 చుట్లు, పద్ధెనిమిదికి 2,930. మూడు వందల ఇరవై అయిదు చుట్లు ఆదా! నూటికి పదకొండు పాళ్ళు లాభం, అదీ ఒకే ఒక చిన్న ఇనప ముక్క ఖరీదుకి. పైగా నాన్నగారి కాళ్ళు అలా గిరగిర తిరగనక్కర్లేదు, నలుగురిలాగా దర్జాగా తొక్కుతారు. పద్ధెనిమిది వేసెయ్యమన్నాను.

సాయంత్రం ఆయన వీధి చివరిదాకా ఒక చుట్టు వేసి వచ్చి, "బాగుందిరా బాబూ, పరుగెడుతోంది" అన్నారు. కొత్త బెల్లు రెండుసార్లు మోగించి చూశారు. నాకు చాలా సంతోషం వేసింది.

మరుసటి ఏడాది అమ్మ రాసిన ఒక ఉత్తరంలో, పెసరొడియాలు పంపిస్తున్నానన్న వాక్యానికీ, చెల్లెలి పరీక్షలకీ మధ్యన "నాన్నగారు సైకిలు మానేశారు, మోకాళ్ళు నొప్పులంటున్నారు, నడిచే వెళ్తున్నారు" అని ఉంది. ఏభై ఎనిమిదేళ్ళ మనిషి కదా, వయసు అనుకున్నాను. ఇంటికి వచ్చినప్పుడు అడిగితే "నడక మంచిదిరా, ఒంటికి ఆరోగ్యం" అన్నారు. మా ఇంటికీ కొట్టుకీ మూడు కిలోమీటర్లు. పొద్దున్న ముప్పావుగంట, రాత్రి ముప్పావుగంట. 1999లో పని మానేదాకా ఎండలోనూ వానలోనూ అలా నడిచే వెళ్ళివచ్చారు. 2008లో పోయారు. సైకిలు పెరట్లో రేకుల పాక కింద ఉండిపోయింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ పాక రేకులు ఎగిరిపోయాయి. తరవాత సైకిలునీ, నాన్నగారి ఇనప పెట్టెనీ అరుగు గదిలోకి మార్చాం. ఆ పెట్టె తెరిచి చూసింది మాత్రం ఎవరూ లేరు.

ఇంక నా మోకాలి కథ. 2023లో కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు కలుక్కుమనడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు అరుగుదల మొదటి దశలో ఉందనీ, తొడ కండరాలు బలపడితే మోకాలికి ఆసరాగా ఉంటుందనీ చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి ఒడియా పిల్ల. నాతో మాత్రం తెలుగులోనే మాట్లాడుతుంది, మన ఊళ్ళో అది వింత కాదు. నన్ను కదలని సైకిలు ఒకదాని మీద ఎక్కించింది. దాని ముందు అద్దంలో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతున్నామన్నది. దాన్ని కేడెన్స్ అంటారట. రెండోది ఎంత శక్తి పెడుతున్నామన్నది, వాట్లలో.

నేను మగతనం చూపించాలని లోడు పెంచుకుని, నెమ్మదిగా, దర్జాగా తొక్కాను. నలభై అయిదు చుట్లు, డెబ్భై అయిదు వాట్లు. ఆ పిల్ల వచ్చి చూసి లోడు తగ్గించింది. "అంకుల్, అరవై చుట్లకి తగ్గకండి. వాట్లు అవే ఉంటాయి, మోకాలి మీద భారం తగ్గుతుంది" అంది. నిజమే. వాట్ల అంకె డెబ్భై అయిదు దగ్గరే ఉంది. తొడ మంట తగ్గింది, కలుక్కుమనడమూ తగ్గింది. నాకు ఆశ్చర్యం వేసింది. పని అంతే అయినప్పుడు భారం ఎలా తగ్గుతుంది?

ఆలోచిస్తే అందులో మాయ ఏమీ లేదు. శక్తి అంటే తోపు బలాన్ని తిరుగుడు వేగంతో హెచ్చవేస్తే వచ్చేది. వంద రూపాయల బాకీని పది వాయిదాల్లో కట్టినా ఇరవై వాయిదాల్లో కట్టినా వందే. ఇరవై వాయిదాలైతే ఒక్కొక్క వాయిదా చిన్నదవుతుంది. కాలు తక్కువ సార్లు తిరిగితే ప్రతి తోపూ పెద్దది కావాలి. ఎక్కువ సార్లు తిరిగితే ప్రతి తోపూ చిన్నది. మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పడేది తోపు బలాన్నిబట్టి.

అయితే మరి వంద చుట్లు, నూటయాభై చుట్లు తిప్పితే ఇంకా మంచిది కదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అడగడమే కాదు, మరునాడు ఆ పిల్ల చూడనప్పుడు లోడు బాగా తగ్గించి తొంభై చుట్లు తిప్పాను. అదే డెబ్భై అయిదు వాట్లు. కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి గాని ఆయాసం వచ్చేసింది. గుండె కొట్టుకోవడం అరవై చుట్లప్పటి కంటే పది పన్నెండు ఎక్కువ చూపించింది. కాళ్ళకి కూడా బరువుంటుంది కదా. పెడలు మీద లోడు ఏమీ లేకపోయినా వాటిని ఊరికే తిప్పడానికే ఖర్చవుతుంది. మా వాణిజ్యశాస్త్రంలో దీన్ని స్థిర వ్యయం అంటాం. కొట్టులో బేరం లేకపోయినా అద్దె, దీపం ఖర్చు తప్పవు. చుట్లు పెంచిన కొద్దీ ఈ అద్దె పెరుగుతుంది. చుట్లు తగ్గించిన కొద్దీ ఒక్కొక్క తోపు ఖర్చు పెరుగుతుంది. రెండూ కలిపి గీత గీస్తే గిన్నె ఆకారంలో వస్తుంది. బి.కాం. రెండో ఏడు పాఠ్యపుస్తకంలో సగటు వ్యయ రేఖ సరిగ్గా ఇలాగే ఉండేది. నేను దాన్ని బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను గాని అది నా తొడలోనే ఉందని తెలియలేదు.

ఈ గిన్నె అడుగు ఎక్కడుందో అని శాస్త్రజ్ఞులు వందేళ్ళుగా వెతుకుతున్నారు. 1929లో ఇంగ్లండులో డికిన్సన్ అనే పరిశోధకురాలు సైకిలు లాంటి యంత్రం మీద కొలిచి, నిమిషానికి 33 చుట్ల దగ్గర సామర్థ్యం అన్నిటికంటే బాగుంటుందని చెప్పింది. తరవాత వచ్చినవాళ్ళు మామూలు శ్రమకి యాభై నుంచి డెబ్భై మధ్యన అన్నారు. పెట్టే శక్తి పెరిగిన కొద్దీ ఆ అడుగు ఎక్కువ చుట్ల వైపు జరుగుతుందని కూడా తేలింది. పెద్ద వ్యాపారానికి పెద్ద అద్దె గిట్టుబాటవుతుంది, చిన్న బడ్డీకి కాదు. అంత చేసీ మనం తిన్నదాంట్లో పెడలుకి చేరేది నూటికి ఇరవై, ఇరవై అయిదు పాళ్ళే. మిగతాది వేడి కింద పోతుంది. చెమట ఎందుకు పడుతుందో ఇక చెప్పాలా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పందేల సైకిలిస్టులు ఈ యాభై డెబ్భైలు లక్ష్యపెట్టరు. తొంభై, వంద చుట్లు తిప్పుతారు. 1972లో మెక్సికో నగరంలో బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు గంటసేపూ సగటున నిమిషానికి నూరు దాటే తిప్పాడు. ప్రాణవాయువు ఎక్కువ ఖర్చవుతుందని తెలిసి కూడా ఎందుకలా? దీనికి నాకు నచ్చిన జవాబు కండరాల్లో ఉంది. కండరంలో పోగులు ప్రధానంగా రెండు రకాలు. నెమ్మది పోగులు అలవోకగా, గంటల తరబడి పనిచేస్తాయి, తొందరగా అలిసిపోవు. చురుకు పోగులకి బలం ఎక్కువ గాని తమ దగ్గర నిలవ ఉన్న గ్లైకోజన్ అనే చక్కెరని గబగబా ఖర్చుపెట్టేసి చతికిలబడతాయి. మా బ్రాంచిలో చెప్పాలంటే మొదటివి పర్మనెంటు స్టాఫు, రెండోవి హాఫ్‌ఇయర్లీ క్లోజింగప్పుడు పిలిచే అదనపు మనుషులు. తోపు పెద్దదైతే పర్మనెంటు స్టాఫు చాలక అదనపు మనుషుల్ని పిలవాల్సి వస్తుంది. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో, గట్టి శ్రమని అదే స్థాయిలో ఉంచి ఒకసారి యాభై చుట్లతో, ఒకసారి వంద చుట్లతో అరగంట తొక్కించి, తొడలోంచి రవ్వంత కండ తీసి చూశారు. యాభై చుట్లప్పుడు చురుకు పోగుల్లో చక్కెర ఎక్కువ ఖాళీ అయింది. నెమ్మది పోగుల్లో మాత్రం అంత తేడా లేదు.

అంటే ఖాతాలు రెండన్నమాట. ఊపిరి ఖర్చు రోజువారీ ఖర్చు ఖాతా. కండరమూ కీలూ అరిగే ఖర్చు తరుగుదల ఖాతా. ఏ గుమాస్తా అయినా ఈ రెండూ వేరువేరుగా రాస్తాడు. రోజు ఖర్చు తగ్గింది కదా అని యంత్రం అరుగుదల మరిచిపోతే ఆ కొట్టు కొన్నేళ్ళలో మూతపడుతుంది. నేను 1991లో సిగరెట్టు పెట్టె వెనక రాసిన లెక్కలో ఈ రెండో ఖాతా లేదు. చుట్లు లెక్కపెట్టాను. ఒక్కొక్క చుట్టు బరువెంతో లెక్కపెట్టలేదు.

కాని ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు. తట్టడానికి ఇంకొక నెల పట్టింది.

ఫిజియోథెరపీ అయ్యాక రోజూ కాసేపు సైకిలు తొక్కమన్నారు. కొత్తది కొనడమెందుకని అరుగు గదిలోంచి నాన్నగారి హెర్క్యులిస్ బయటికి తీశాను. టైర్లు మార్పించి, నూనె పోయించి, సాయంత్రాలు గోపాల్‌పూర్ రోడ్డు మీద వెళ్ళేవాణ్ణి. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి. గడియారం చూసి చుట్లు లెక్కపెట్టాను. నిమిషానికి ముప్ఫై ఆరు, ముప్ఫై ఏడు, అంతకుమించి తిరగడం లేదు. అంటే గంటకి పన్నెండు కిలోమీటర్లు. ప్రతి తోపుకీ ఒళ్ళంతా పెడలు మీద వేయాల్సి వస్తోంది. పదిహేను రోజులకి మోకాలు మళ్ళీ కలుక్కుమంది. సీటు కిందికి ఉందేమో చూడమని ఆ పిల్ల సలహా చెప్పింది. మడమ పెడలు మీద పెట్టి, పెడలు పూర్తిగా కిందికి దించితే కాలు తిన్నగా చాపుకోవాలట. తరవాత ముంపాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి సరిగ్గా ఉంటుందట. మనవాళ్ళం రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు అడుక్కి దించేసుకుంటాం, అప్పుడు మోకాలు మరీ మడుచుకుపోయి బాధపడుతుంది. సీటు ఎత్తించుకుందామని షాపుకి వెళ్ళాను.

పాత షాపే. అప్పటి ఆయన పోయాడు. కొడుకు నడుపుతున్నాడు, వాడికీ నెరిసింది. సైకిలు చూడగానే "ఇది గుమాస్తాగారిది కదా బాబూ" అన్నాడు. అవునన్నాను. వంగి వెనక చక్రం తిప్పి చూసి, "ఇంకా పద్ధెనిమిదే ఉందా! ఇది మార్చింది నేనే. అప్పుడు మా నాన్న దగ్గర పని నేర్చుకుంటున్నాను. మీరే కదా తెచ్చారు" అన్నాడు. మళ్ళీ వాడే, సీటు బోల్టు వదులు చేస్తూ, తల ఎత్తకుండా, "తరవాత వారంలో గుమాస్తాగారు వచ్చి పాత ఫ్రీవీలు ఉందా అని అడిగారు. పాత సామాను తొట్టిలో ఉంటే వెతికి ఇచ్చాం. బిగించెయ్యమంటారా అంటే వద్దని, కాగితంలో చుట్టి పట్టుకెళ్ళారు" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మని అడిగాను. అమ్మకి ఎనభై మూడేళ్ళు. నిన్న తిన్నది మరిచిపోతుంది గాని ముప్ఫై ఏళ్ళ కిందటి మాట మరిచిపోదు. చిక్కుళ్ళు వలుస్తూ, "ఆ చక్రమా. అది వేసినప్పట్నుంచీ తొక్కలేకపోతున్నానే అనేవారు. మరి మార్పించేసుకోండీ అన్నాను. వాడు మొదటి జీతంతో చేయించాడే, ఊళ్ళోకి వచ్చినప్పుడు చూస్తే ఏమనుకుంటాడు అన్నారు" అంది. తరవాత, "నువ్వు జయపూరులో ఉన్నావు, నీకెందుకులే అని రాయలేదు" అంది.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఇరవై పళ్ళకీ పద్ధెనిమిదికీ తేడా రెండు పళ్ళు. తోపు బరువులో నూటికి పది పాళ్ళు. అంతమాత్రానికే మనిషి సైకిలు మానేస్తాడా, వయసు రాలేదా, మోకాళ్ళు అప్పటికే అరిగి ఉండవా అని నాలో ఉన్న ఆడిటరు వాదించాడు. అన్నీ ఉండొచ్చు. కాని అంచుదాకా నిండిన చెంబుకి ఆఖరి గరిటెడు ఎక్కువే. ఆయనకి అప్పుడు యాభై ఏడేళ్ళు. నాకు ఇప్పుడు యాభై ఏడు. ఆయన ముప్ఫై ఏళ్ళపాటు మూటలూ, పెళ్ళాం పిల్లలూ, ఎదురుగాలీ లాగి లాగి తనకి సరిపడే పళ్ళ లెక్క కనిపెట్టుకున్నారు. ఆ గిరగిరే ఆయన మోకాళ్ళని అన్నేళ్ళు కాపాడింది. డికిన్సన్ పేరుగాని, చురుకు పోగుల సంగతిగాని ఆయనకి తెలియదు. నాకూ తెలియదు అప్పుడు. కాని నేను ఆయన్ని అడగవచ్చు. "నాన్నగారూ, ఇది ఇరవై పళ్ళది ఎందుకు వేయించుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్న. బ్యాంకులో ఏ ఖాతాదారు సంతకం లేకుండా ఖాతాలో ఒక్క పైసా మార్చను. ఇంట్లో మాత్రం ఆయన నిద్రపోతుంటే మార్చేశాను.

ఆ రాత్రి ఇనప పెట్టె తెరిచాను. పైన కొట్టు వాళ్ళిచ్చిన పాత క్యాలెండర్లు, కింద ఆయన ఇంటి ఖర్చు రాసుకున్న పుస్తకాలు, గుండ్రటి చేతిరాత. వాటి కింద, తుపాను నీటికి రంగు దిగిపోయిన ఒక గుడ్డలో ఫ్రీవీలు దొరికింది. గ్రీజు దట్టంగా పట్టించి చుట్టారు, అందుకే తుప్పు పెద్దగా పట్టలేదు. పళ్ళు లెక్కపెట్టాను. లెక్కపెట్టనక్కర్లేదు, అయినా రెండుసార్లు లెక్కపెట్టాను.

మర్నాడు షాపుకి పట్టుకెళితే వాడు చూసి, పళ్ళు కొక్కేల్లా అరిగాయి, కొత్త చైను దీనిమీద సరిగ్గా కూర్చోదు, ఇరవై పళ్ళది కొత్తదే వేస్తానన్నాడు. నిజం చెప్పొద్దూ, పాతదే వేయించాలని నాకు చాలా ఉండింది. కాని పనివాడి మాట వినాలి. కొత్తది వేశాడు. రెండు పళ్ళు పెరిగినందుకు చైనుకి కొత్త లింకు అక్కర్లేదట, వెనక చక్రం పావు అంగుళం ముందుకి జరిపితే చాలట. జరిపి, బ్రేకు రబ్బర్లు సరిచూసి ఇచ్చాడు. పాతదాన్ని కిరసనాయిల్లో కడిగి, తుడిచి, వేలితో ఒకసారి తిప్పి నా చేతిలో పెట్టాడు. టిక్‌టిక్‌మని ఇంకా చప్పుడు చేస్తోంది.

ఆదివారం సాయంత్రం హల్దియాపదర్ దాటేదాకా వెళ్ళి వచ్చాను. ఎదురుగాలి మామూలే. నిమిషానికి నలభై ఒకటి, నలభై రెండు చుట్లు వచ్చింది. వేగం అదే పన్నెండు కిలోమీటర్లు. దారిలో మా ఆఫీసు కుర్రాడు మోటారు సైకిలు మీద పక్కనుంచి పోతూ ఆగి, "ఏంటి సార్, కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతున్నారు" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "మోకాలు ఎలా ఉంది?" అంది. బాగానే ఉందన్నాను. సీటు ఇంకా అర అంగుళం తక్కువున్నట్టు అనిపిస్తోంది. వచ్చే ఆదివారం ఎత్తించాలి.